పుట్టినప్పుడు బరువు తక్కువైతే పెద్దయ్యాక షుగరు వస్తుందా?

మారతహళ్లి_మధు
ఆఫీసులో ఏటా చేయించే పరీక్షల్లో మూడు నెలల సగటు షుగరు 6.9 శాతం వచ్చింది, అంటే షుగరు జబ్బు ఉన్నట్టే. నాకు 33 ఏళ్లు. సన్నగా ఉంటాను. సిగరెట్టు, మందు రెండూ లేవు. అమ్మవైపు గానీ నాన్నవైపు గానీ ఎవరికీ షుగరు ఉన్నట్టు తెలియదు. రిపోర్టు చూసి డాక్టరు అడిగిన మొదటి మాట, "పుట్టినప్పుడు మీ బరువెంత?" అని. ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "రెండు కిలోలు కూడా లేవురా, పాత చీర గుడ్డల్లో చుట్టి కాపాడుకున్నాం" అంది. మాది అనంతపురం వైపు. నేను కడుపులో ఉన్న ఏడు వానల్లేవు, వేరుశనగ ఎండిపోయింది, అమ్మ నెలలు నిండేదాకా కూలికి వెళ్లింది. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు పెద్దయ్యాక షుగరు రావచ్చని డాక్టరు చెప్పినది ఆమెతో అన్నాను. అప్పటి నుంచి "నా కడుపులో ఉండి నువ్వు పస్తులు పడ్డావు, అందుకే నీకీ రోగం" అని ఒకటే బాధ.

ఇప్పుడు నా భార్యకు ఐదో నెల. ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుందని అమ్మ అంటుంది. ఇద్దరి తిండి తినాలని అత్తగారు అంటారు. కడుపులో ఉన్నప్పటి తిండికీ ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బుకూ నిజంగా సంబంధం ఉందా? ఉంటే మేమిప్పుడు ఎవరి మాట వినాలి?

ఒంగోలు_వాసు
ముప్పై మూడేళ్ల కిందటి సంగతి ఎందుకు తవ్వడం? పగలంతా కుర్చీలో కూర్చోవడం, రాత్రి పదకొండింటికి బిర్యానీ తెప్పించుకోవడం, కంటినిండా నిద్ర లేకపోవడం. ఈ బెంగుళూరులో షుగరు రావడానికి ఇవి చాలు. మా తాత నెలలు నిండకుండా పుట్టాడట. తొంభై దాటాక కూడా పొలం గట్ల మీద ఒంటరిగా తిరిగేవాడు.

లెక్కల_రామం
ఒక్క తాతగారిని బట్టి తేల్చే విషయం కాదిది వాసు గారూ. వేలమందిని చూడాలి, చూశారు కూడా.

ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు సౌతాంప్టన్‌లో పనిచేసేవాడు. 1968–78 మధ్య గుండెజబ్బుతో ఎక్కువమంది చనిపోయిన ప్రాంతాలేవో, 1921–25లో పసిపిల్లలు ఎక్కువగా చనిపోయిన ప్రాంతాలు కూడా దాదాపు అవేనని 1986లో చూపించాడు. తిని కూర్చునే కలవారికి వచ్చే జబ్బని అందరూ అనుకునేది బీద ప్రాంతాల్లో ఎక్కువగా ఎందుకుంది అన్నది ఆయన ప్రశ్న. జవాబు వెతకాలంటే అప్పటి పిల్లల బరువులు కావాలి. హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లాలో ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ఆరోగ్య అధికారిణి 1911 నుంచి ప్రతి బిడ్డ పుట్టుబరువూ, ఏడాది నిండాక బరువూ పెద్ద పుస్తకాల్లో రాయించి పెట్టింది. ఆ పుస్తకాలు పట్టుకుని 1911–30 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్ల ఆనవాళ్లు తీశారు. పుట్టినప్పుడూ, ఏడాదికీ తక్కువ బరువున్నవాళ్లలోనే గుండెజబ్బు చావులు ఎక్కువ. ఇది 1989లో అచ్చయింది. షుగరుకు కూడా మూలం అక్కడే ఉందని 1992లో హేల్స్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి రాశాడు.

ఒంగోలు_వాసు
బీదింట్లో బిడ్డ చిన్నగా పుడుతుంది. అదే బీదతనంలో పెరుగుతుంది, పొగలో పనిచేస్తుంది, చౌక తిండి తింటుంది. చివరికి గుండెజబ్బు వస్తే తప్పు కడుపుదా, బతుకుదా? పైగా అది ఇంగ్లండు. మన లెక్క ఏది?

మైసూరు_మల్లిక
మన లెక్క బెంగుళూరు నుంచి మూడు గంటల దూరంలో ఉంది వాసు గారూ. మాది చిత్తూరు, మైసూరులో స్థిరపడ్డాం. ఇక్కడ హోల్డ్స్‌వర్త్ స్మారక ఆసుపత్రి ఉంది, ఊళ్లో వాళ్లు మిషన్ ఆసుపత్రి అంటారు. అక్కడ 1934 నుంచి పుట్టిన పిల్లల బరువు, పొడవు, తల చుట్టుకొలత రాసి ఉంచారు. కరోలిన్ ఫాల్ అనే వైద్యురాలి బృందం ఆ రికార్డుల్లో ఉన్నవాళ్లను ఊళ్లోనే వెతికి పట్టుకుంది. 1934–54 మధ్య అక్కడ పుట్టి, ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటున్న 517 మందికి గుండె పరీక్షలు చేశారు. ఫలితాలు 1996లో వచ్చాయి.

రెండున్నర కిలోలు, అంతకంటే తక్కువతో పుట్టినవాళ్లలో 11 శాతం మందికి గుండెజబ్బు. 3.1 కిలోలు దాటి పుట్టినవాళ్లలో 3 శాతం. బిడ్డా చిన్నదై, తల్లి బరువు కూడా 45 కిలోలకు లోపుంటే అది 20 శాతానికి వెళ్లింది.

మా అత్తగారు ఆ ఆసుపత్రిలోనే పుట్టారు. ఆ రోజుల్లో అన్ని కొలతలూ తీసి, ఒక్కటి వదలకుండా రాసిన ఆ నర్సుల పేర్లు మనకు తెలియవు. వాళ్ల చేతిరాత లేకపోతే ఈ సంగతి మనదేశం గురించి ఎవరికీ తెలిసేది కాదు. దాన్ని తలచుకుంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

జయనగర_శారద
నూటికి ఇరవై మందా! ఆ తల్లులకు ఎవరైనా కడుపునిండా అన్నం పెట్టారా అని కూడా ఆ పుస్తకాల్లో రాస్తే బాగుండేది.

నర్సు_నిర్మల
శారదమ్మ గారూ, ఆ మాటకు చేతులెత్తి దండం. నేను ఇక్కడి ఒక కాన్పుల వార్డులో పనిచేస్తున్నాను. కర్నూలు, రాయచూరు వైపు నుంచి వచ్చి అపార్ట్‌మెంట్ల పనుల్లో ఉన్న ఆడవాళ్లు చాలామంది మా దగ్గరికే వస్తారు. తెలుగు మాట వినగానే వాళ్ల మొహం విప్పారుతుంది.

బిడ్డను తూచేముందు తక్కెడలో గుడ్డ పరిచి, అంకె సున్నాకు తెచ్చి, అప్పుడు పడుకోబెడతాం. 1.9 చూపించే బిడ్డ ఎలా ఉంటుందో చెబుతాను. తల పెద్దగా కనిపిస్తుంది, తొడల దగ్గర చర్మం వదులుగా ముడతలు పడి ఉంటుంది, పిర్రలకు కండ ఉండదు. తల్లి కార్డు తిరగేస్తే తొమ్మిదో నెలలో ఆమె బరువు 44. రక్తం (హిమోగ్లోబిన్) ఏడు. ఎనిమిదో నెల దాకా ఇసుక తట్టలు మోసి ఉంటుంది. వార్డులో చుట్టాలు వచ్చి ఆమెను అడిగే మొదటి ప్రశ్న, "సరిగ్గా తినలేదా నువ్వు?" అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మధు గారూ, మీ అమ్మగారి తప్పు ఇందులో ఒక్క వీసం లేదు. ఆ కరువులో రెండు కిలోల లోపు బిడ్డను బతికించి ఇంతవాణ్ని చేసిన మనిషి ఆమె. ఈ వాక్యం ఆవిడకు చదివి వినిపించండి.

మారతహళ్లి_మధు
తప్పకుండా వినిపిస్తాను అక్కా. ఒక్క సందేహం. నేను సన్నగా ఉన్నాను కదా, ఎత్తుకు తగ్గ బరువే ఉందని రిపోర్టులో రాశారు. షుగరు లావుగా ఉన్నవాళ్లకు వచ్చేది కాదా?

లెక్కల_రామం
దీనికి జవాబు పుణెలో దొరుకుతుంది. అక్కడి కె.ఇ.ఎమ్. ఆసుపత్రి వైద్యుడు సి.ఎస్. యాజ్ఞిక్, సౌతాంప్టన్‌కు చెందిన జాన్ యుడ్కిన్... కాదు, యుడ్కిన్ లండన్ ఆయన. ఇద్దరూ కలిసి 2004లో తమ ఇద్దరి ఫొటో ఒక వైద్య పత్రికలో వేయించారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చొక్కా వేసుకుని నిలబడితే ఇద్దరూ సన్నగానే కనిపిస్తారు.

ఈ తేడా పుట్టుకతోనే ఉందని యాజ్ఞిక్ బృందం చూపింది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలు, సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లల్లో పొట్ట అవయవాలు చిన్నవి, కండ తక్కువ. చర్మం కింది కొవ్వులో మాత్రం అంత లోటు లేదు. పెద్దయ్యాక గ్లూకోజును ఎక్కువగా వాడుకోవాల్సింది కండే. అది మొదటినుంచీ తక్కువగా ఉంటే, నడుము చుట్టూ కాస్త కొవ్వు చేరినా ఇన్సులిన్‌కు పని పెరుగుతుంది. మధు గారూ, బరువు యంత్రం కంటే నడుముకు టేపు పెట్టి చూసుకోవడం మీకు ఎక్కువ ఉపయోగం.

ల్యాబు_జానకి
నేను జీవశాస్త్రంలో పనిచేస్తాను కాబట్టి వాసు గారి తరఫున కొంత మాట్లాడతాను. ఆయన "బతుకు" అన్నారు, నేను "జన్యువులు" అంటాను. కడుపులో బిడ్డ పెరగడానికి ముఖ్యమైన హార్మోను బిడ్డ సొంత ఇన్సులిన్. ఇన్సులిన్‌ను తగ్గించే జన్యువు తండ్రి నుంచి వస్తే బిడ్డ చిన్నగా పుడుతుంది, అదే జన్యువు వల్ల పెద్దయ్యాక షుగరూ వస్తుంది. అప్పుడు తల్లి తిండితో పనేముంది? ఇది ఊహ కాదు. ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో హ్యాటర్స్‌లీ అనే వైద్యుడి బృందం 1998లో గ్లూకోకైనేజ్ అనే ఒక్క జన్యువులో లోపం బిడ్డకు మాత్రమే ఉన్న చోట పుట్టుబరువు అరకిలో దాకా తగ్గిందని చూపింది. బీపీ విషయంలో కూడా, అధ్యయనం పెద్దదయ్యేకొద్దీ పుట్టుబరువు ప్రభావం చిన్నదవుతూ వచ్చింది.

కాబట్టి రామం గారూ, తక్కువ బరువు కనిపించగానే కారణం కడుపులో ఆకలేనని తీర్మానించకూడదు.

ఒంగోలు_వాసు
అదే నేను అడుగుతున్నది. జానకి గారు సరిగ్గా పట్టుకున్నారు.

ల్యాబు_జానకి
ఆగండి వాసు గారూ, రెండో సగం రాయలేదు. అమెరికాలో అరిజోనా పీమా తెగవాళ్లలో షుగరు చాలా ఎక్కువ. 2000లో అక్కడ ఒకే తల్లి పిల్లలను పోల్చి చూశారు. తల్లికి షుగరు రాకముందు పుట్టిన బిడ్డ, వచ్చాక పుట్టిన బిడ్డ. తల్లి ఒకటే, తండ్రి ఒకడే, ఇల్లు ఒకటే. షుగరు వచ్చాక పుట్టినవాళ్లకే పెద్దయ్యాక షుగరు ముప్పు బాగా ఎక్కువగా ఉంది. తండ్రికి షుగరు వచ్చేముందూ, వచ్చాకా పుట్టిన పిల్లల మధ్య మాత్రం అలాంటి తేడా లేదు. దీన్ని జన్యువులతో వివరించలేం. కడుపులో ఉన్నప్పుడు ఆ బిడ్డ రక్తంలో ఏముందన్నదే తేడా.

రెండూ ఉన్నాయి. ఎవరిలో ఏది ఎంత అన్నది ఒక్క పుట్టుబరువు అంకె చెప్పదు.

చరిత్ర_చలపతి
ఆకలి సంగతికి వస్తే, ఎవరూ కోరని ప్రయోగం ఒకటి రెండో ప్రపంచ యుద్ధంలో జరిగింది. 1944 సెప్టెంబరులో డచ్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. జర్మన్లు పడమటి హాలండుకు తిండి రాకుండా ఆపేశారు. ఆ చలికాలంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో మనిషికి రోజుకు ఇచ్చే రేషను వెయ్యి కేలరీల కిందికి, కొన్ని నెలలు 400–800కి పడిపోయింది. 1945 మేలో విముక్తి రాగానే తిండి మళ్లీ అందింది. అంటే ఆకలికి మొదలూ చివరా కచ్చితంగా తెలుసు. ఏ బిడ్డ కడుపులో ఎన్నో నెలలో ఉన్నప్పుడు ఆకలి తగిలిందో లెక్క కట్టవచ్చు.

నడి నెలల్లో, చివరి నెలల్లో ఆకలి తగిలినవాళ్లు చిన్నగా పుట్టారు, పెద్దయ్యాక గ్లూకోజును సరిగ్గా వాడుకోలేకపోయారు. మొదటి నెలల్లో తగిలినవాళ్ల పుట్టుబరువు మామూలే. అయినా గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది వాళ్లలోనే. తక్కెడకు అందని నష్టం కూడా ఉందన్నమాట. ఆరు దశాబ్దాల తర్వాత, 2008లో, వాళ్ల రక్తంలో ఐజీఎఫ్2 అనే పెరుగుదల జన్యువు మీద, అది ఎంత పనిచేయాలో నిర్ణయించే రసాయన గుర్తులు, ఆ ఆకలి తగలని సొంత తోబుట్టువుల కంటే తక్కువగా ఉన్నాయని తేలింది.

ఒంగోలు_వాసు
అదే యుద్ధంలో రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో అంతకంటే ఘోరమైన ఆకలి ఉంది కదా. 872 రోజుల ముట్టడి. అక్కడ ఏం తేలింది?

చరిత్ర_చలపతి
మంచి ప్రశ్న. 1997లో అచ్చయిన అధ్యయనంలో, ముట్టడి కాలంలో కడుపులో ఉన్నవాళ్లకు గ్లూకోజు ఇబ్బంది ఎక్కువేమీ కనిపించలేదు. దానికి చాలామంది చెప్పే వివరణ ఇది. హాలండులో పుట్టాక తిండి పుష్కలంగా దొరికింది. లెనిన్‌గ్రాడ్‌లో ముట్టడి ముగిశాక కూడా ఏళ్ల తరబడి కటకటే. కడుపులో తక్కువ, బయట ఎక్కువ అయినప్పుడే ఒంటికి చిక్కు వస్తుందని.

మారతహళ్లి_మధు
అంటే అనంతపురం కరువులో తయారైన ఒళ్లు, మారతహళ్లి ఫుడ్‌కోర్టులో చిక్కుకుంది.

లెక్కల_రామం
ఢిల్లీలో పుట్టిన పిల్లలను పెద్దయ్యేదాకా వెంబడించిన అధ్యయనం 2004లో వచ్చింది, అందులో సరిగ్గా మీ మాటే ఉంది. పెద్దయ్యాక షుగరు వచ్చినవాళ్లు పసితనంలో సన్నగా ఉన్నవాళ్లే. తర్వాత బాల్యం నుంచి బరువు చకచకా పెరుగుతూ పోయింది. విశేషమేమిటంటే చిన్నప్పుడు వాళ్లలో చాలామంది లావుపాటి పిల్లలు కారు. తమ పాత బరువుతో పోలిస్తే ఎక్కువ పెరిగారు, అంతే.

వైట్‌ఫీల్డ్_కిరణ్
ఇంతసేపూ పరదేశాలూ, పుణె, ఢిల్లీ. మన హైదరాబాదు ఉప్మా గురించి ఎవరూ చెప్పలేదు. ఉప్మా పేరెత్తితే మొహం చిట్లించేవాళ్లంతా దగ్గరికి రండి.

1987–90లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు హైదరాబాదు దగ్గరి పల్లెల్లో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో ఉప్మా చేసి పెట్టే పథకం ఫలితాన్ని పరిశీలించారు. 15 పల్లెల్లో అది అప్పటికే అందుతోంది, 14 పల్లెల్లో ఇంకా మొదలు కాలేదు. గర్భిణికి రోజుకు 500 కేలరీలు, 20–25 గ్రాముల మాంసకృత్తులు. పిల్లలకు దాదాపు 300 కేలరీలు. ఆ పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక మళ్లీ వెళ్లి 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా తక్కువ. 2008లో అచ్చయింది.

మా మేనత్తది అటువైపు పల్లెటూరే. ఆ ఉప్మా ఉండలు కట్టి ఉండేదని, అయినా పిల్లలు ఆకుల్లో కట్టించుకుని ఇంటికి తెచ్చుకునేవారని చెబుతుంది.

జయనగర_శారద
ఉప్మాకు ఇన్నాళ్లకు న్యాయం జరిగింది. మా ఇంట్లో ఈ పోస్టు గోడకు అంటిస్తాను, రేపు ఉదయం ఎవరు నోరెత్తుతారో చూస్తాను.

కె.ఆర్.పురం_కల్యాణి
అందరూ తక్కువ బరువు గురించే రాస్తున్నారు. నాది రెండో వైపు కథ. నెల తప్పినప్పటి నుంచీ ఇద్దరి తిండి పేరుతో నాకు ఇంట్లో జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. పొద్దున నేతి అట్లు, పదకొండింటికి మామిడి రసం, రాత్రి పాయసం. ఆఫీసు పని ఇంటి నుంచే, కదలిక లేదు. నేను చూపించుకున్న చోట ఐదో నెలలో గానీ, ఆరో నెలలో గానీ గ్లూకోజు పరీక్ష చేయలేదు. తొమ్మిదో నెలలో స్కాన్ చూసి "బిడ్డ బాగా పెద్దగా ఉంది" అన్నప్పుడు మేమంతా సంబరపడ్డాం.

పాప 4.1 కిలోలతో ఆపరేషన్ చేసి పుట్టింది. పుట్టిన గంటకే ఒళ్లు వణికింది. మడమకు సూది గుచ్చి చూస్తే షుగరు బాగా పడిపోయింది. నా రక్తంలోని గ్లూకోజు మాయ దాటి వెళ్తుంది, నా ఇన్సులిన్ వెళ్లదు, కాబట్టి పాప క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేయడానికి అలవాటు పడింది. బొడ్డు కోయగానే గ్లూకోజు ఆగిపోయింది, ఇన్సులిన్ మాత్రం ఆగలేదు. ఇదంతా పిల్లల వార్డు డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ పరీక్ష ముందే చేసి ఉంటే నాకు ఇది ఆరో నెలలోనే తెలిసేది. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

మధు గారి అత్తగారికి ఈ కథ చెప్పండి.

నర్సు_నిర్మల
కల్యాణి గారి కోపం న్యాయమైనది. ఆ పరీక్ష చాలా తేలిక. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి రక్తం తీస్తారు. 140, అంతకు మించితే గర్భంతో వచ్చిన షుగరు కిందే చూస్తారు. పరగడుపున రానక్కర్లేదు. దూరం నుంచి బస్సులో వచ్చే గర్భిణిని ఏమీ తినకుండా రమ్మనడం కష్టమని, మన ఆడవాళ్ల వీలు చూసి ఈ పద్ధతిని నిలబెట్టింది చెన్నై వైద్యుడు వి. శేషయ్య గారు, ఆయనతో పనిచేసినవాళ్లు. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, అప్పుడు మామూలుగా ఉంటే 24–28 వారాల మధ్య మరోసారి చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మధు గారూ, ఐదో నెల అన్నారు. మొదటి పరీక్ష అయిందో లేదో చూడండి, రెండోదానికి తేదీ ఇప్పుడే రాసుకోండి.

అనుమానాల_అప్పారావు
మా వీధిలో గర్భసంస్కార తరగతులు పెట్టారు. కడుపు మీద చెవిగొట్టాలు ఆనించి సంగీతం వినిపిస్తారట, కుంకుమపువ్వు పాలు ఇస్తారట, రుసుము మాత్రం వేలల్లో ఉంది. వీటివల్ల పెద్దయ్యాక జబ్బులు రావని వాళ్ల కరపత్రంలో ఉంది. అభిమన్యుడు కడుపులో ఉండే పద్మవ్యూహం నేర్చుకున్నాడు కదా, ఇందులో కొంతైనా నిజం ఉండదా?

ల్యాబు_జానకి
తల్లికి సంగీతం ఇష్టమైతే వినడం మంచిదే, మనసు తేలికపడుతుంది. షుగరును, బీపీని ఆపుతుందని డబ్బు తీసుకోవడం మాత్రం అన్యాయం. ఆ వేలతో తొమ్మిది నెలలూ గుడ్లు, పాలు, పప్పు, పళ్లు వస్తాయి.

జయనగర_శారద
అప్పారావూ, ఆ కథ మా అమ్మమ్మ చెప్పేటప్పుడు ఒక మాట తప్పక అనేది. సుభద్ర మధ్యలో నిద్రపోయింది కాబట్టే కొడుకుకు బయటికి వచ్చే దారి తెలియలేదు అని. నెలలు నిండిన మనిషి, కునుకు పడితే అది కూడా తప్పేనా? కొడుకును చుట్టుముట్టి చంపినవాళ్లు ఆరుగురు మహారథులు. మాట మాత్రం సుభద్రకు.

ఇప్పుడు ఈ వైద్య పరిశోధనలన్నీ చదువుతుంటే అదే భయం నాకు. బిడ్డకు నలభై ఏళ్లకు గుండెపోటు వచ్చినా తల్లినే అడుగుతారేమో. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అత్తగారు నాకు సగం అన్నమే వడ్డించేవారు. చాలాకాలం ఆవిడ మీద మనసులో కక్ష ఉండేది. తర్వాత తెలిసింది, ఆవిడ అక్కగారు బిడ్డ అడ్డం తిరిగి, ఎడ్లబండిలో పట్నం తీసుకువెళ్తూ ఉండగా దారిలోనే పోయిందట. ఆపరేషన్ చేసే చోటు ఇరవై మైళ్లలో లేని ఊళ్లో, బిడ్డ చిన్నగా ఉంటే తల్లి బతుకుతుందన్నది వాళ్లు ప్రాణభయంతో నేర్చుకున్న జాగ్రత్త. మధు వాళ్ల అమ్మ మాట కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. ఆమెను కసరవద్దు నాయనా. ఇప్పుడు ఆసుపత్రి దగ్గరే ఉందని, ఆ భయం అక్కర్లేదని నెమ్మదిగా చెప్పు.

మైసూరు_మల్లిక
శారద గారూ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ల్యాబు_జానకి
శారద గారి మాటకు లెక్కల వైపు నుంచి కూడా బలం ఉంది. ముంబయి మురికివాడల్లో 2006 నుంచి ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. పెళ్లయిన ఆడవాళ్లకు ఆకుకూర, పళ్లు, పాలు కలిపి చేసిన చిరుతిండి రోజూ ఇచ్చారు. మొత్తం మీద బిడ్డల బరువు పెరగలేదు. గర్భం రావడానికి మూడు నెలల ముందునుంచే తిన్నవాళ్ల బిడ్డలు మాత్రం సగటున 48 గ్రాములు ఎక్కువ. గర్భంతో వచ్చే షుగరు కూడా 12.4 శాతం నుంచి 7.3కి తగ్గింది. బిడ్డ వెన్నెముక నాళం మూసుకునేది నాలుగు వారాల్లోపే, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు.

ఐదో నెలలో వచ్చి గర్భిణికి ఉపదేశం చేయడం తేలిక. పన్నెండేళ్ల ఆడపిల్లకు అన్నతో సమానంగా గుడ్డు పెట్టడం దగ్గర మొదలుకావాలి ఇది. మనదేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతోనే ఉన్నారు, కడుపుతో ఉన్న తొమ్మిది నెలల్లో ఆ లోటు పూడదు.

ఒంగోలు_వాసు
దీనికి నా పూర్తి మద్దతు. నేను మొదటినుంచీ అంటున్న "బతుకు" ఇదే.

మారతహళ్లి_మధు
మరి నా సంగతి? పుట్టుబరువు మార్చుకోలేను కదా.

లెక్కల_రామం
మూత్రపిండాల్లో వడపోత గొట్టాలు 36 వారాలకల్లా తయారైపోతాయి, తర్వాత కొత్తవి పుట్టవు. 2003లో జర్మనీలో, ప్రమాదాల్లో చనిపోయినవాళ్ల మూత్రపిండాలు పరీక్షించారు. బీపీ ఉన్నవాళ్లకు ఒక్కో దాంట్లో సుమారు 7 లక్షలు, లేనివాళ్లకు 14 లక్షలు. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు ఇవి తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి షుగరుతో పాటు బీపీ, మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తి పోతోందేమో కూడా ఏటా చూపించుకోండి. నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగకండి. ఉప్పు తగ్గించండి. కండ పెరిగే వ్యాయామం చేయండి. మీకు మొదటినుంచీ తక్కువగా ఉన్నది అదే, ఈ వయసులోనూ పెంచుకోగలిగినదీ అదే. మందుల సంగతి డాక్టరు చెప్పినట్టు నడుచుకోండి.

నర్సు_నిర్మల
మీ భార్య తిండికి వస్తే, జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావాల్సింది 350 కేలరీలు. ఇద్దరి తిండి కాదు, సగం తిండీ కాదు. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక చిన్న రాగిముద్ద పప్పుచారుతో తింటే సరిపోతుంది. మాంసాహారం లేకపోతే విటమిన్ బి12 పరీక్ష చేయించండి. పుణెలోనే, ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ బాగా ఉండి బి12 తక్కువైన తల్లుల పిల్లలకు ఆరేళ్లకే ఇన్సులిన్ ఇబ్బంది మొదలైందని తేలింది. ఇనుము మాత్ర టీతో గానీ, కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోకూడదు.

వైట్‌ఫీల్డ్_కిరణ్
నిర్మల గారూ, మా అపార్ట్‌మెంటు వెనక కొత్త భవనం కడుతున్నారు. ఇద్దరు గర్భిణులు ఇటుకలు మోస్తూ కనిపిస్తున్నారు, మాటను బట్టి ఆదోని వైపు వాళ్లు. వాళ్లకు ఏదైనా దారి ఉందా? ఆధార్‌లో ఊరు వేరుగా ఉంటుంది కదా.

నర్సు_నిర్మల
ఉంది. ఊరు వేరైనా సరే, దగ్గరి అంగన్‌వాడీకి తీసుకువెళ్లి పేరు రాయించండి. కర్ణాటకలో మాతృపూర్ణ పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడే వేడి భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. ఆశా కార్యకర్తను అడిగితే తాయి కార్డు, అంటే గర్భిణి వివరాల కార్డు, రాయిస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇనుము మాత్రలు, గ్లూకోజు పరీక్ష ఉచితం. చిక్కల్లా మధ్యాహ్నం పని వదిలి భోజనానికి వెళ్తే మేస్త్రీ కూలి కోస్తాడని వాళ్ల భయం. అది మాత్రం ఎవరైనా వెళ్లి మాట్లాడాలి.

వైట్‌ఫీల్డ్_కిరణ్
మేస్త్రీది నంద్యాల. నేను మాట్లాడతాను. శనివారం సగం పూట ఉంటుంది, అంగన్‌వాడీ ఎక్కడో కనుక్కుని వాళ్లను వెంటబెట్టుకుని వెళ్తాను.

జయనగర_శారద
నాకు కన్నడం బాగా వచ్చు. అంగన్‌వాడీలో మాట్లాడటానికి నేనూ వస్తాను. ఎన్నింటికో, ఎక్కడ కలవాలో సందేశం పెట్టు కిరణ్.